మీ నాన్నది ఏ షిఫ్టు?

మొన్న మా అమ్మాయి బడిలో తల్లిదండ్రుల సమావేశం ఉందంటే రాత్రి సి షిఫ్టు దిగి, ఇంటికొచ్చి ముఖం కడుక్కుని, పడుకోకుండా అలాగే వెళ్లాను. యూకేజీ గది గోడకు పెద్ద రంగుల చార్టు ఒకటి అంటించి ఉంది. దాని మీద ప్రతి పిల్ల పేరుకూ ఎదురుగా నవ్వే ముఖాలో, మూతి ముడిచిన ముఖాలో అతికించారు. మా అమ్మాయి వరుసలో ఒక్క నవ్వూ లేదు. సంగతేమిటని అడిగితే ఆ పంతులమ్మ మర్యాదగానే చెప్పింది: పిల్ల మరీ గట్టిగా మాట్లాడుతుందట, ఉన్నట్టుండి కేకలు వేస్తుందట, పక్కవాళ్లను రంగులు వేసుకోనివ్వదట. శనివారాలు వచ్చే కౌన్సెలర్ కూడా ఆ రోజు అక్కడే ఉంది. టీవీ ఎంతసేపు చూస్తుంది, పాలు తాగుతుందా, రాత్రి ఎన్నింటికి పడుకుంటుంది, ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకుంటారా అని ఓపికగా అడిగింది. అన్నీ అడగవలసిన ప్రశ్నలే. నేనూ వరసగా జవాబులు చెప్పాను. కానీ ఇంకొక్క ప్రశ్న వస్తుందేమోనని చివరిదాకా ఎదురుచూశాను. అది మాత్రం రాలేదు.

ఆ ప్రశ్న మమ్మల్ని రోజూ అడిగిన మనిషి ఒకావిడ ఉండేది. తొంభైల మొదట్లో మేము ఐదో తరగతి చదివినప్పటి మా టీచరుగారు. స్టీలు ప్లాంటు కొత్తగా నడుస్తున్న ఆ రోజుల్లో గాజువాక చుట్టుపక్కల పెరిగిన నా ఈడువాళ్లకు నేను చెప్పబోయేది సగం తెలిసే ఉంటుంది. మిగతావాళ్ల కోసం కాస్త వివరంగా చెబుతాను. పాలిటెక్నిక్ చదువు అంటించిన అలవాటు, ఏదైనా క్రమంలో చెప్పకపోతే నాకు తోచదు.

ప్లాంటులో పనికి మూడు షిఫ్టులు. ఎ అంటే పొద్దున్న, బి అంటే మధ్యాహ్నం, సి అంటే రాత్రి. మనుషుల్ని బ్యాచీలుగా విడగొట్టి వారానికొక షిఫ్టు చొప్పున తిప్పుతారు. నాన్నకు సి షిఫ్టు వచ్చిన వారం ఇంటికి వేరే చట్టం వచ్చేది. ఆయన పగలు పడుకోవాలి కాబట్టి కిటికీలకు దుప్పట్లు వేలాడేవి, తలుపు గొళ్లేనికి గుడ్డపీలిక చుట్టి ఉండేది, కుక్కరు కూత పెట్టబోతోందనగా అమ్మ గరిటెతో మూత మీది బరువును మెల్లగా పైకెత్తేది, రేడియో అటక ఎక్కేది. మేము చెప్పులు చేత్తో పట్టుకుని ఇంట్లోకి వచ్చేవాళ్లం. దగ్గు వస్తే పెరట్లోకి పరిగెత్తేవాళ్లం. మా వీధిలో సగం ఇళ్లు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి పొలాలు వదిలి వచ్చినవాళ్లవి. చేలగట్ల మీద ఒకరినొకరు కేకేసి పిలుచుకున్న మనుషులు ఆ క్వార్టర్లలో గుసగుసలతో కాపురాలు చేశారు.

ఆ నోరు కట్టుకున్న పిల్లలమంతా బడికి వచ్చి ఏం చేస్తాం? అరిచేవాళ్లం. బల్లలు చరిచేవాళ్లం. అందులో నేనూ, మా మేనత్త కొడుకూ ముందుండేవాళ్లం. నాకు బావ వరసే గాని మా ఇద్దరిదీ ఒకటే ఈడు, ఒకటే బెంచి, మా క్వార్టర్లు ఎదురెదురు. బెంచీ ఎక్కి నిలబడటం మాకు కూర్చోవడం కంటే బాగా అలవాటు. అక్కడ నిలబడి కూడా బావ కిటికీలోంచి వీధిలో పోయే పాలవాడిని పలకరించేవాడు.

టీచరుగారు గోదావరి వైపు మనిషి. భర్త పోర్టులో పనిచేసేవారు. కొన్నాళ్లు ఓర్చుకుని, ఒకనాడు మధ్యాహ్నం మా ఇద్దరినీ వెంటబెట్టుకుని అమ్మకు ఫిర్యాదు చేయడానికి మా ఇంటికే వచ్చింది. అమ్మ తలుపు తీస్తూనే పెదవుల మీద వేలు పెట్టింది. ఆవిడకు మొదట అర్థం కాలేదు. చీకటి గది, గొళ్లేనికి గుడ్డ, లోపల నాన్న గురక, గుమ్మంలోనే చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్న మేమిద్దరం. ఆవిడ ఫిర్యాదు గుసగుసగానే మొదలుపెట్టింది గాని, గుసగుసలో పిల్లల్ని తిట్టడం ఎవరికైనా కష్టమే. మధ్యలో ఆగిపోయి, మంచినీళ్లు తాగి, ఎదురింటి కిటికీకి కట్టిన దుప్పటి వైపు కాసేపు చూసి వెళ్లిపోయింది.

మర్నాడు హాజరు పిలుస్తూ మమ్మల్ని ప్రెజెంట్ అనవద్దంది. ఎవరి పేరు పిలిస్తే వాళ్లు లేచి, ఆ వారం నాన్నది ఏ షిఫ్టో చెప్పాలి. ఎ టీచర్, బి టీచర్, సి టీచర్. ఎప్పుడూ పగటి డ్యూటీయే ఉండే గుమాస్తాల పిల్లలు జనరల్ అనేవాళ్లు. చేపలమ్మే ఆవిడ కూతురొకతె మా తరగతిలో ఉండేది. తన వంతు రాగానే కాస్త తడబడి, మా అమ్మది సేపల షిఫ్టు టీచర్ అంది. మేమంతా నవ్వాం. టీచరుగారు నవ్వలేదు. మీ అమ్మ ఎన్నింటికి లేస్తుందని అడిగి, తెల్లారకముందే అని తెలిశాక ఆ పిల్లను కూడా సి వాళ్లలో చేర్చింది.

సి అన్నవాళ్లకు ఆవిడ ఇచ్చింది ఒకటే, గోడ. మా బడి వెనక గోడను ఆనుకుని దువ్వాడ వైపు నుంచి వచ్చే రైలు పట్టాలు ఉండేవి. పొద్దున బడి పెట్టిన కాసేపటికి ఇనుప ఖనిజం మోసుకుని ఒక గూడ్సు వెళ్లేది. అది వచ్చే వేళకు సి పిల్లలం గోడ దగ్గరికి వెళ్లి నిలబడాలి. ఇంజను కనబడగానే అరవడం మొదలుపెట్టవచ్చు, ఎంత గట్టిగానైనా, ఏమనైనా. గార్డు పెట్టె దాటగానే ఆపెయ్యాలి. ఆవిడ పెట్టిన షరతు అంతే. వ్యాగన్ల మోతలో ఎవరి అరుపు ఎవరికీ వినపడేది కాదు. బావ ఆ సందులో నన్ను నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టేవాడు. బండి పోయాక, ఏటన్నావు బావా అని అడిగితే, నీ మంచే కోరీసేను బావా అని కళ్లెగరేసేవాడు. అరుపు తీరిన గొంతులతో లోపలికి వచ్చి లెక్కలు చేసుకునేవాళ్లం. ఆ ఏడాది మా తరగతిలో బెంచీ ఎక్కినవాళ్లు దాదాపు లేరు.

ఇంతవరకు తలచుకోవడం తేలిక.

దసరా సెలవులు అయిపోయిన కొన్నాళ్లకు మా మామయ్య, అంటే బావ వాళ్ల నాన్న, సి షిఫ్టు దిగి స్కూటరు మీద వస్తూ కూర్మన్నపాలెం దగ్గర లారీ కింద పడి చనిపోయాడు. వార్త తెచ్చిన మనిషి కూడా మా వీధిలోకి వచ్చాక గొంతు తగ్గించే చెప్పాడు. అత్తయ్య ఏడుపే ఆ వీధిలో పగటిపూట నేను విన్న మొదటి పెద్ద శబ్దం.

దినవారాలయ్యాక బావ బడికి వచ్చాడు. టీచరుగారు హాజరు పిలుస్తూ వాడి పేరు దగ్గరికి వచ్చేసరికి ఆగింది. తర్వాత వాడి పేరు మాత్రం పలికింది. బావే లేచాడు. సి టీచర్ అన్నాడు. మామూలుగా, మిగతావాళ్లలాగే. ఆవిడ వాడిని ఒక్క క్షణం చూసి, సరే నాన్నా కూర్చో అని తర్వాతి పేరు పిలిచింది.

తర్వాతి వారం వాడు ఎ అన్నాడు. ఆ పై వారం బి. మామయ్య బ్యాచి ఏ వారం ఏ షిఫ్టులో ఉండాలో, తప్పకుండా అదే చెప్పేవాడు. తరగతిలో ఎవరూ నవ్వలేదు, ఎవరూ వాడిని అడగలేదు. సి వారాల్లో గోడ దగ్గరికి వచ్చి నా పక్కనే నిలబడి అరిచేవాడు. నన్ను తిట్టడం మానేశాడు. ఏమని అరిచేవాడో పక్కనున్న నాకే వినబడలేదు, అడగనూ లేదు. ఇంట్లోనూ అంతే. సి వారం వచ్చిందంటే చెప్పులు చేత్తో పట్టుకుని, ఖాళీ మంచం ఉన్న గది ముందు నుంచి మునివేళ్ల మీద నడిచేవాడు. అత్తయ్య అది చూసి గొళ్లేనికి మళ్లీ గుడ్డ చుట్టింది.

టీచరుగారు ఒక సాయంత్రం అత్తయ్యను చూడటానికి వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను. ఇలా సాగనివ్వడం మంచిదో కాదో తనకూ తెలియదని ఆవిడ ఒప్పుకుంది. అత్తయ్య చేటలో బియ్యం ఏరుతూనే అంది.

"ఆడు నోరిప్పుతన్నాడు, అదే సాలు టీచరమ్మా. ఇంట్లో అదీ నేదు."

"అయితే నేను అడుగుతూనే ఉంటానమ్మా. చాలనుకున్న రోజున వాడే చెప్తాడు."

ఆ రోజు దానంతట అది వచ్చి ఉంటే ఎలా ఉండేదో నాకు తెలియదు. సంక్రాంతి తర్వాత బడికి కొత్త హెడ్మాస్టరు వచ్చారు. చెడ్డ మనిషి అని చెప్పడానికి నాకు మనసొప్పదు. ఫెయిలైన పిల్లలకు సాయంత్రాలు కూర్చోబెట్టి ఊరికే పాఠం చెప్పేవారు. అయితే బడి అంటే నిశ్శబ్దం అని ఆయన గట్టి నమ్మకం. వచ్చిన వారంలోనే గోడ దగ్గరికి ఎవరూ వెళ్లకూడదన్నారు. ఆ తర్వాత ఒక పొద్దున మేము హాజరు చెబుతుండగా గుమ్మంలో వచ్చి నిలబడ్డారు. బావ వంతు వచ్చింది. లేచి, బి టీచర్ అన్నాడు. మామయ్య సంగతి ఆయనకు తెలుసు. ఆయన లోపలికి వచ్చి వాడి భుజం మీద చెయ్యి వేశారు. టీచరుగారు కుర్చీలోంచి లేచి ఏదో చెప్పబోయింది. ఆయన రెండో చేత్తో ఆవిడను ఆగమన్నారు.

"నాన్నగారు లేరు కదా బాబూ. నిజాన్ని ధైర్యంగా చెప్పాలి. ఏదీ, చెప్పు."

ఆయన గొంతులో కోపం లేదు, జాలే ఉంది. అందుకే ఎదురు చెప్పడానికి ఎవరికీ చోటు దొరకలేదు. బావ నల్లబల్ల వైపు చూస్తూ, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

"మా నాన్న సచ్చిపోయేడు సార్."

చనిపోయారు అనాలి అని ఆయన మెల్లగా దిద్దారు. వాడు దిద్దుకుని మళ్లీ చెప్పాడు. ఆయన వాడి తల నిమిరి వెళ్లిపోయారు.

మర్నాడు టీచరుగారు హాజరు పట్టీ తెరిచి, మొదటి పేరు పిలిచి, మమ్మల్నందరినీ ప్రెజెంట్ అనమంది. ఒక్కణ్ణి అడక్కుండా మిగతావాళ్లను అడగడం ఆవిడకు చేతకాలేదు. అలా ఆ ప్రశ్న మా అందరికీ పోయింది. గూడ్సు మాత్రం ఆ వేళకు వచ్చి వెళ్లేది. మేము పుస్తకాల్లోకి చూస్తూ వినేవాళ్లం.

బావ ఇక అల్లరి చేయలేదు. పిలిస్తే పలికేవాడు, పిలవకపోతే లేదు. ఏడాది చివర వార్షికోత్సవంలో క్రమశిక్షణ గల విద్యార్థి అని వాడికి బహుమతిచ్చారు, ఒక స్టీలు పళ్లెం. హెడ్మాస్టరుగారు వాడిని అందరికీ చూపించి మెచ్చుకున్నారు. అందరితోపాటు అత్తయ్య కూడా చప్పట్లు కొట్టింది. ఆ పళ్లెంలో మాత్రం ఆవిడ ఎప్పుడూ ఎవరికీ అన్నం పెట్టలేదు. మరుసటేడు టీచరుగారి భర్త రిటైరై వాళ్లు గోదావరి వైపు వెళ్లిపోయారు. మళ్లీ ఆవిడను చూడలేదు.

నేను డిప్లొమా చేసి ప్లాంటులో చేరాను, అదీ మామయ్య పనిచేసిన విభాగంలోనే. బావ ఆటోనగర్లో ఒక షెడ్డులో రేకులు సాగగొట్టే పనిలో ఉన్నాడు. పక్కవాడి మాట వినపడని చోటు, కాబట్టి మాట్లాడనివాణ్ణి ఎవరూ తప్పు పట్టరు. పెళ్లి వద్దన్నాడు. ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వస్తాడు. ఏం బావా అంటే ఏం లేదు బావా అంటాడు.

సమావేశం నుంచి ఇంటికి వచ్చి చూస్తే మా అమ్మాయి గుమ్మంలో నా అలికిడికి ఉలిక్కిపడి, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. కిటికీలకు మా ఆవిడ దుప్పట్లు కట్టి ఉంచింది. ఇన్నేళ్లు ఆ ఇంటిని నేను ప్రశాంతమైన ఇల్లనుకున్నాను.

ఆదివారం బావ వచ్చాక పిల్లను తీసుకుని ముగ్గురం దువ్వాడ వైపు పట్టాల దగ్గరికి వెళ్లాం. మా బడి ఉన్నచోట ఇప్పుడు అపార్టుమెంట్లు. పాత గోడలో కొంచెం ముక్క మిగిలి ఉంది. దారిలో పిల్లకు మా టీచరుగారి సంగతి చెప్పాను, మామయ్య పోయిన ముక్క మాత్రం వదిలేశాను. గూడ్సు వచ్చింది. పిల్ల పట్టాల పక్కనున్న కంచె పట్టుకుని, మెడ నరాలు తేలేలా, గార్డు పెట్టె వెళ్లేదాకా అరిచింది. తర్వాత ఆయాసపడుతూ నవ్వి, ఆట ఇంకా అయిపోలేదన్నట్టు బావ వైపు తిరిగి అడిగింది.

"మామయ్యా, మీ నాన్నది ఏ షిఫ్టు?"

నేను ఆపేలోపే అడిగేసింది. బావ పట్టాల వైపే చూస్తూ నిలబడ్డాడు. లెక్క వేసుకుంటున్నవాడిలా కాదు, ఎప్పటి నుంచో సిద్ధంగా ఉన్నవాడిలా చెప్పాడు.

"నిన్నటిదాకా ఎ అమ్మా. రేపట్నుంచి బి."

మామయ్య బ్యాచి ఇప్పటికీ ఉంది. మనుషులు మారారు గాని వంతు మారలేదు. దాని షిఫ్టుల పట్టిక మా విభాగం గోడకే వేలాడుతూ ఉంటుంది, నేను రోజూ చూస్తాను. బావ చెప్పింది సరిగ్గా సరిపోయింది. ఇన్నేళ్లూ వాడు వారం వారం ఆ జవాబు తప్పకుండా దగ్గర ఉంచుకున్నాడు. ఇప్పటి బళ్లలో రంగుల చార్టులున్నాయి, శనివారం కౌన్సెలర్లున్నారు, పిల్లల్ని కొట్టకూడదనే మంచి మాట కూడా వచ్చింది. అవన్నీ ఉండవలసినవే. కానీ ఆ ఐదో తరగతి గది దాటాక, మా పిల్ల అడిగేదాకా మా బావను ఆ ఒక్క మాట మళ్లీ ఎవరూ అడగలేదు.