‘తెలుపు’ అని రాసిన చీటీలు

పూత రాకముందే ఆర్కిడ్ పువ్వు రంగు చెప్పగలనని నాకు మహా పొగరు. లేత మొక్క ఆకు తిరగేసి చూస్తాను. అడుగున, కాడ మీద ఊదా చాయ కనిపిస్తే పువ్వు ఊదా. ఎక్కడా ఆ చాయ లేకుండా పచ్చగా ఉంటే తెలుపు. బాపట్లలో వ్యవసాయం చదివేటప్పుడు మా మేడం నేర్పిన విద్య ఇది. ఆవిడ ఇంకో మాట కూడా చెప్పింది: “నీడలో పెరిగిన మొక్క ఊదాని దాచుకుంటుందే. అనుమానమొస్తే వేరు కొన చూడు.” ఆ రెండో మాట నేను హాయిగా మర్చిపోయాను.

అంగలకుదురులో మా ఇంటి వెనక ఎండ తగ్గించే షేడ్ నెట్ కింద ఆర్కిడ్లు పెంచి అమ్ముతాను. రెండేళ్ళ కిందట రేపల్లె నుంచి ఒకామె వచ్చింది. పెళ్ళి గౌన్లు కుట్టే టైలరు. కూతురి చదువు అవగానే చర్చిలో పెళ్ళి చెయ్యాలనుకుంటోంది. పిల్ల ఒంటి మీద గౌనూ, చేతిలో పూలగుత్తీ, చర్చిలో పెట్టే పూలూ అన్నీ తన చేతి మీదుగానే కావాలని ఆమె పట్టుదల.

“తెల్ల పూలే కావాలక్కా. ఇవి తెల్లవేనంటారా అండి?”

“నా మాట మీద నమ్మకం లేకపోతే వేరేచోట చూసుకోమ్మా,” అన్నాను. నా నోరంతే. ఆకులు తిరగేసి పన్నెండు మొక్కలు ఏరి, ఒక్కోదానికీ ‘తెలుపు’ అని చీటీ రాసి కట్టాను. ఆ ఏడాది ఎండలకు భయపడి నెట్ రెండు పొరలు వేసిన సంగతి గుర్తే రాలేదు.

మొక్కలు పెరిగి, పిల్ల చదువూ అయి, పెళ్ళి రెండు నెలల్లో ఉందనగా ఆమె ఫోన్ చేసింది.

“అక్కా, కాడలు ఊదాగా తిరుగుతున్నాయండి. ఏంటిది?”

“ఎండకి అలాగే అవుతాయిలే,” అని పెట్టేశాను.

పెట్టేశాక కాలు నిలవలేదు. అప్పటి మొక్కల్లో మిగిలిపోయినది ఒకటి నా దగ్గర ఇంకా నీడ మూలనే ఉంది. కుండీలోంచి ఊడదీసి, కొబ్బరి పీచు విడదీసి వేరు చూశాను. కొన నేరేడు పండు రంగులో ఉంది. అంటే అదీ ఊదానే.

అప్పుడే ఫోన్ చేసి చెప్పాల్సింది. చెప్పలేదు. అన్నీ అలా ఉండవులే, కొన్నయినా తెల్లవి పూస్తాయిలే అని రోజుకో సాకు వెతుక్కున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఆమె మళ్ళీ ఫోన్ చెయ్యకపోవడం నన్ను ఇంకా భయపెట్టింది.

పెళ్ళి నాలుగు రోజుల్లోకి వచ్చాక ఇక ఉండబట్టలేక, పూసిన తెల్లవి ఆరు కుండీలు అట్టపెట్టెలో సర్దుకుని తెనాలిలో రేపల్లె రైలెక్కాను. ఆగిన ప్రతి స్టేషన్‌లోనూ దిగి వెనక్కి పోదామనిపించింది.

ఆమె వరండాలో మిషన్ ముందు గౌను అంచు కుడుతోంది. పిట్టగోడ మీద తొమ్మిది కుండీలు ఒకవైపు, మూడు ఒకవైపు. తొమ్మిదింటికీ ఊదా పూలు, మూడింటికే తెల్లవి.

“ఇక్కడి నర్సరీలో అడిగితే వేరు కొనలు చూడమన్నారు, నెల కిందటే చూశానక్కా. మూడింటికే పచ్చగా ఉన్నాయి, మిగతావన్నీ ఊదా. నాకు అనుమానమొచ్చింది. అయినా మీరు ఎండ అన్నారు కదా అని ఊరుకున్నాను. ఒక్కటి చెప్పండి. తెలిసే ఇచ్చారా?”

తప్పంతా నెట్ మీదకి నెట్టేసి తప్పించుకోవచ్చు. ఆమె మిషన్ ఆపి నా మొహంలోకే చూస్తోంది.

“ఇచ్చినప్పుడు తెలీదమ్మా. నువ్వు ఫోన్ చేసిన రోజే తెలిసింది. చెప్పడానికి మొహం చెల్లలేదు.”

అట్టపెట్టె ముందుకు జరిపాను. ఆమె తెరిచి చూసి, మళ్ళీ మూసింది.

“ఇవి మీరు పెంచినవండి, నా చేతివి కావు. గుత్తికి ఆ మూడు మొక్కల పూలూ చాలు. చర్చిలో ఊదావే పెడతాం.” గౌను అంచు మళ్ళీ అందుకుంటూ అంది. “ఆ రోజే చెప్పుంటే, పెళ్ళికూతురి పక్కన నిలబడే పిల్లలకి ఊదా గౌన్లు కుట్టేదాన్నక్కా. రెండు నెలలు ఉండేవి.”

అట్టపెట్టె వెనక్కి లాక్కున్నాను. లేచి చెప్పులేసుకుంటుంటే ఆమె మిషన్ సొరుగు లాగి ఏవో తీసి నా చేతిలో పెట్టింది.

“వీటిని తీసుకెళ్ళండి.”

తొమ్మిది చీటీలు. అన్నిటి మీదా నా చేతిరాతే.