తెరేసమ్మ అరుగు మీద ప్లగ్గు

అంతోనికి నోరు లేదని ఎవరూ అనలేరు. ట్రాఫిక్ పోలీసుతో అరగంట వాదించి నెగ్గుకొచ్చే మనిషి. బెంజ్ సర్కిల్ దగ్గర ఓ కంపెనీలో కారు డ్రైవరు. ఆ నోరంతా సొంత అక్క ముందు ఏమైపోయేదో మేరీమాతకే తెలియాలి.

గొడవ పెద్దదేం కాదు, అలాగని చిన్నదీ కాదు. కూతురు వినీల పెళ్ళికి అంతోని చుట్టాలందరి గడపా తొక్కి కార్డులిచ్చాడు. గుణదలలో ఒంటరిగా ఉంటున్న అక్క తెరేసమ్మకు మాత్రం, మన మనిషే కదా అని ఫోన్లో చెప్పి, కార్డు వాట్సాప్‌లో పంపి ఊరుకున్నాడు. ఆవిడ పిల్లకు మేనత్త! ఇంటికొచ్చి పిలవాల్సిన మనిషికి వాట్సాప్‌లో కార్డు పెడతారా? ఆమె పెళ్ళికి రాలేదు. రాలేదని ఇతనే అలిగాడు. తప్పు చేసినవాడే ముందు అలగడం మన మగవాళ్ళకు పుట్టుకతో వచ్చిన విద్య. ఏళ్ళ తరబడి మాటల్లేవు.

తర్వాత కంపెనీవాళ్ళు ఎలక్ట్రిక్ కారు కొన్నారు. ఇబ్రహీంపట్నం వెళ్ళొస్తుంటే ఓ మధ్యాహ్నం గుణదల దగ్గర ఛార్జింగ్ అడుగంటింది. గత్యంతరం లేక అక్క ఇంటి ముందు ఆపాడు.

"ఛార్జింగ్ పెట్టుకోవాలి" అన్నాడు, మొహం ఎటో పెట్టి.

"అరుగు మీద ప్లగ్గుందిగా, పెట్టుకో. అన్నం తిన్నావురా?" అంది తెరేసమ్మ.

మర్నాటి నుంచి అదే వరస. బండికి కరెంటు, బండివాడికి చారన్నం. "ఆ రోజు నేనొచ్చి పిలవాల్సిందక్కా" అన్న ఒక్క ముక్క రోజూ గొంతుదాకా వచ్చేది. రేపు చెబుదాంలే, రేపూ వస్తాంగా అనుకునేవాడు. ఆమె దానికోసమే ఎదురు చూస్తోందని తెలుసు. అతను చెయ్యి కడుక్కుని లేచేదాకా ఎదురుగా కూర్చునే ఉండేది.

ఇంతలో ఇబ్రహీంపట్నం దారిలో కొంతమేర ప్రయోగంగా కొత్త రోడ్డు వేశారు. తారు కింద రాగి తీగ చుట్టలు పరిచారట. వాటి మీదుగా పోతుంటే, కారు అడుగున బిగించిన పలకలోకి కరెంటు ఎక్కేస్తుంది. వైరక్కర్లేదు, ఆగక్కర్లేదు. అంతోని కారుకీ పలక బిగించారు. ఆ సంబరం పట్టలేక అన్నం తింటూ చెప్పేశాడు.

"ఇకనుంచి రోడ్డే ఇచ్చేస్తుందక్కా. ఎక్కడా ఆగే పన్లేదు. నీకూ నా బాధ తప్పింది!"

తెరేసమ్మ పెరుగు వడ్డిస్తూ ఆగింది. "మంచిదేగా" అంది.

ఎంత మాట అన్నాడో అతనికి తట్టడానికి నెలలు పట్టింది. ఈలోగా ఆ ఇంటి ముందు నుంచే రోజూ పోయేవాడు. పని లేకుండా ఏమని ఆగడం? సొంత అక్క గడప తొక్కడానికి సాకు వెతుక్కునే దౌర్భాగ్యం ఎవడికైనా ఉంటుందా! రోడ్డుని అని ఏం లాభం, దాని పని అది చేసింది.

మేరీమాత ఉత్సవాల్లో ఓ ముసలామె తమ్ముడి చెయ్యి పట్టుకుని కొండ మెట్లెక్కడం చూశాడు. అంతోని కళ్ళు తిప్పుకోలేకపోయాడు. మర్నాడే బయల్దేరాడు. చెప్పాల్సిన ముక్కను దారంతా వల్లె వేసుకున్నాడు.

తెరేసమ్మ అరుగు మీదే ఉంది. బాగా చిక్కిపోయింది. ఆమెను చూడగానే వల్లె వేసిందంతా ఎగిరిపోయి, నోట్లోంచి పాత మాటే ఊడిపడింది.

"ఛార్జింగ్ పెట్టుకోవాలి."

నాలిక కరుచుకున్నాడు.

"పెట్టుకోండి" అంది తెరేసమ్మ.

తోడబుట్టిన తమ్ముణ్ణి పట్టుకుని అండీ అనడం!

"నన్ను అండీ అంటావేంటక్కా?"

"పని మీద వచ్చేవాళ్ళని అలాగే అంటాం కదండీ."

అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పకుండా వెర్రివాడిలా వైరు తీసి గుచ్చాడు. బండి అంతకుముందే ఆ రోడ్డు మీద పడి కడుపునిండా తాగి ఉంది. గుచ్చీ గుచ్చగానే పచ్చలైటు వెలిగింది. అదెందుకు వెలుగుతుందో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

"నిండిపోయిందండీ" అంది తెరేసమ్మ, లోపలికి వెళ్ళడానికి లేస్తూ. "ఇక బయల్దేరండి."