అయ్యవారి పాఠాల్లో మా దూది మిషను

నా పేరు దస్తగిరమ్మ. వయసు డెబ్బై నాలుగని రేషను కార్డులో ఉంది. ఇంకో రెండు ఎక్కువే ఉంటాయని నా లెక్క. హిందూపురం మార్కెట్టు వెనక వీధిలో దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు మాది. ఇంట్లో నేను, నా కొడుకు, కోడలు. ముందు గదిలో దూది మిషను, ఆ గోడకు అవతల, బడిలో పాఠాలు చెప్పి రిటైరైన అయ్యవారి ఇల్లు. ఆయన పోయి నలభై రోజులైంది. పొద్దున స్నానం చేసి వచ్చి, తువ్వాలు ఆరేస్తూ దండెం కిందే కూలిపోయారు. నా కొడుకు ఆటోలో వేసుకుని పోయాడు. ఆసుపత్రి చేరేసరికే అయిపోయిందన్నారు.

ఆయన గురించి తెలిసినవాళ్ళు రాసి ఇస్తే చిన్న పుస్తకం వేస్తామని, ఆయనతో పనిచేసిన టీచర్లు వచ్చి అడిగారు. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే అయ్యవారి కూతురు శారద రాస్తోంది. ధర్మవరంలో కాపురముండే మనిషి, తండ్రి ఇల్లు సర్దడానికి వచ్చి ఉంది. తన మీద నేను చెప్పే మాటలు కూడా తన చేత్తోనే రాయాలని ముందే షరతు పెట్టాను. ఒప్పుకుంది.

పదకొండో రోజు భోజనాలయ్యాక నలుగురి ముందు ఆమె నాతో అన్న మాట ఇది: "నీ మిషను సద్దు లేకుంటే నాయన బతికుండంగానే పాఠాలన్నీ అయిపోయుండు అత్తా. పదకొండు అట్లనే నిలిచిపోయినాయి. ఆ పిల్ల పరీక్ష ఏం గావాల?" వీధివాళ్ళు అవునన్నట్టు తలలూపారు. చావింట్లో కొట్లాడకూడదని ఆ రోజు ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతాను, వినండి.

ఆ పిల్ల పేరు వరలక్ష్మి. పెనుకొండలో ఉంటుంది. చిన్నప్పుడు అయ్యవారి దగ్గర చదువుకుంది, ఇప్పుడు ముప్పై దాటాయి. జబ్బు చేసి చూపు పోయింది. అయినా టీచరు ఉద్యోగానికి పరీక్ష రాస్తానని పట్టుబట్టింది. పుస్తకాలు చదివి వినిపించేవాళ్ళు లేరు. అందుకని అయ్యవారు రిటైరయ్యాక కంప్యూటరు, మైకు కొన్నారు. ఇంట్లో కూర్చుని పాఠాలు చదివి, రికార్డు చేసి, ఆమె ఫోనుకు పంపడం మొదలుపెట్టారు.

మొదటి వారంలోనే మా గడప దగ్గరకు వచ్చి నిలబడ్డారు.

"అక్కా, దినానికి రెండు గంటలు మిషను ఆపేదానికి అయితాదా?"

"ఆపితే పరుపులు నువ్వు కుడతావా అయివోరా?"

"కుట్టలేనక్కా. వంకరగా వస్తాయి."

నవ్వొచ్చింది కానీ కనపడనివ్వలేదు. మేం అన్నం తినే అరగంట మాత్రం ఇస్తానన్నాను. చాలదని తెలిసీ సరేనన్నారు. ఒకరోజు పని మధ్యలో కరెంటు పోయి మిషను ఆగింది. గోడ అవతల గబగబా కుర్చీ లాగిన చప్పుడైంది, ఆ వెంటనే "అరె" అన్న మాట. కరెంటు లేకపోతే ఆయన కంప్యూటరూ ఆగిపోతుందని ఇద్దరికీ అప్పుడే గుర్తొచ్చింది.

నేను మొండిదాన్నే. కానీ ఆ "అరె" విన్నాక నాకు మనసు నిలవలేదు. గిరాకీలు ఇంకా తీసుకుపోని ఆరు పరుపులు మోయించుకుని వెళ్ళి ఆయన గది చుట్టూ నిలబెట్టించాను. దూది వ్యాపారం చేసేదాన్ని, దూదితో చప్పుడును ఆపలేనా అనుకున్నాను. ఆయన ఒక పేజీ చదివి, ఇద్దరం విన్నాం. మిషను ఎప్పటిలాగే వినిపించింది.

"నా పరుపుల్లో దూది తక్కువ ఉండాదంటావా?" అన్నాను.

"నీ దూది మంచిదే అక్కా. నా గొంతు గోడలకు తగిలి మోగేది, అది పోయింది. మిషను గోడలోంచే వస్తాది, దానికి పరుపు చాలదు."

అట్లాగైతే గోడకే పోకుండా చూద్దామని మిషను కాళ్ళ కింద పాత టైరు ముక్కలు పెట్టించాను. దాంతో సగం తగ్గింది. ఆయన మైకును మా గోడకు దూరంగా జరిపి, దాని వీపు మా వైపు ఉండేలా పెట్టి, నోటికి నాలుగు వేళ్ళ దూరంలో చదవడం మొదలుపెట్టారు. "దగ్గరగా మాట్లాడితే చప్పుడు దానంతటదే వెనకబడుతుందక్కా" అనేవారు. కంప్యూటరు పెట్టె కూడా గుర్రుమంటోందని దాన్ని వంటింట్లోకి పంపి, పొడుగు వైరు లాగారు. బియ్యం డబ్బా పక్కన కంప్యూటరు ఉన్న ఇల్లు హిందూపురంలో అదొక్కటే అయి ఉంటుంది. గంజి పెట్టిన చొక్కా కదిలితే గరగరమంటుందని బనియనుతో కూర్చునేవారు. గడియారం విప్పి జేబులో కాదు, పక్క గదిలో పెట్టేవారు. ఎండాకాలంలో ఫ్యాను ఆపి చెమటలు కార్చుకుంటూ చదివేవారు.

మిగిలిన ఆ సగం చప్పుడు సంగతే నేను చెప్పాల్సిన అసలు మాట. మైకు పెట్టాక ఆయన వెంటనే చదివేవారు కాదు. నోరు మూసుకుని మనసులో పది అంకెలు ఎంచేవారు. ఎందుకని అడిగాను.

"ఈ పది అంకెల్లో నా గొంతు లేదు, నీ మిషను ఒకటే ఉండాది. దీన్ని కంప్యూటరుకు చూపించి, ఇదే చప్పుడు, పాఠమంతా ఇది యాడుంటే ఆడ తగ్గించు అని చెప్తా."

"అట్లా వింటాదా అది?"

"నీ కంటే బాగా వింటాది."

ముందు ఒకసారి, తగ్గించాక ఒకసారి వినిపించారు. మిషను ఎక్కడో వీధి చివరకు పోయినట్టయింది. అంతా తీసెయ్యమన్నాను. తీసి వినిపిస్తే ఆయన గొంతు నీళ్ళ బిందెలోంచి వచ్చినట్టుంది. "మొత్తం తియ్యబోతే మనిషి కూడా పోతాడక్కా. కొంచెం ఉండనీ" అన్నారు. అప్పటినుంచీ నా మిషను నడుస్తూనే ఉంది, ఆయన పాఠాలు సాగుతూనే ఉన్నాయి. శుభ్రం చేసే పని మాత్రం నెలకొకసారి కూర్చుని చేసేవారు. ఆయన పోయిన నెల పాఠాలే ఈ పదకొండు. మిషను వల్ల నిలిచిపోలేదు, ఆయన పోవడం వల్ల నిలిచాయి.

పదకొండో రోజు తర్వాత శారద వాటిని తానే పంపుతానని కూర్చుంది. ఫోనులో చూసి పద్ధతి నేర్చుకుంటున్నానంది. మరుసటి రోజు నేను బొరుగుల ఉగ్గాని తీసుకుపోయేసరికి ఆమె ఒక పాఠం పెడుతోంది. మోగడమే పాఠంతో మొదలైంది.

"ముందర ఖాళీ యాడ పాయ?" అన్నాను.

"అందులో ఏం లేదత్తా. అన్నిట్లోనూ అట్లనే వట్టిగా ఉంటే, పిల్ల ఊరికే కాచుకోవాలని కోసేస్తి. నాలుగైనాయి."

"పాతవి ఉండాయా?"

"వాటి మీదనే సేవ్ చేస్తి."

ఉగ్గాని గిన్నె కింద పెట్టి తిట్టాను. ఏం తిట్టానో రాయొద్దులే పాపా. డిగ్రీ చదివిన మనిషికి, వేలిముద్ర వేసే నిశానీ దాన్ని, ఆ పది అంకెలు ఎందుకో చెప్పాల్సి వచ్చింది. విని ఏడ్చింది. తండ్రి పని చక్కగా చేసి పంపాలనే చేసింది, నాకూ తెలుసు. మిగిలిన ఏడింటి ముందర ఖాళీ కొయ్యొద్దన్నాను. ఆ ఏడూ బాగానే శుభ్రమయ్యాయి. వాటిలోని చప్పుడు తీసుకుని ఈ నాలుగింటికి వాడి చూసింది. కుదరలేదు.

ఎందుకు కుదరలేదో నాకు తెలిసింది. ఆ నాలుగూ మళ్ళీ పెట్టమని చెప్పి, కళ్ళు మూసుకుని విన్నాను. "ఇది పాత పరుపు దూది, బరువుగా పోతాంది. ఈ రెండూ కొత్త దూది. మూడూ మిషను బెల్టు మార్చక ముందువి, ఆ ఏడూ మార్చినాక చదివినవి." యాభై ఏళ్ళుగా వింటున్న మిషను అది. అయ్యవారు బతికున్నప్పుడు ఒకసారి "నీ చెవులు నాకుంటే సగం పని తగ్గేదక్కా" అన్నారు. నేను ఒక పనికి పనికొస్తానని చదువుకున్నవాళ్ళు చెప్పడం అదే మొదలు, అదే చివర.

అటక మీదున్న పాత బెల్టు తీయించి నా కొడుకు చేత బిగించాను. పరుపులు మళ్ళీ గదిలో నిలబెట్టాం. శారద మైకును తండ్రి పెట్టిన చోటే పెట్టి ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. నేను ముందు పాత దూది వేసి మిషను నడిపాను, తర్వాత కొత్త దూది. రెండుసార్లూ పది అంకెలు. చప్పుడు వద్దని మా గడప దగ్గరకు వచ్చి నిలబడిన ఆయన కోసం, చప్పుడు కావాలని మిషను నడపాల్సి వచ్చింది. మూడు పాఠాలు దారికొచ్చాయి. కొంచెం మిషను మిగిలింది, ఉండనిచ్చాం.

నాలుగోది రాలేదు. అందులో మిషను కంటే పెద్దగా నా గొంతు ఉంది. ఎవరో గిరాకీతో కొట్లాడుతున్నాను. "ఐదు కిలోల దూది తెచ్చి ఆరు కిలోల పరుపు అడుగుతావే, ఆ కిలో నా నెత్తిన వెంట్రుకలు పీకి పెట్టాల్నా?" అని. ఒకే తీరుగా ఉండే చప్పుడైతే కంప్యూటరు పట్టుకుంటుందట. మనిషి అరుపు ఎక్కడ లేస్తుందో, ఎక్కడ పడుతుందో దానికి తెలియదట. ఆ పది అంకెలు కోయకపోయినా అది బాగయ్యేది కాదని శారద చెప్పింది. కాబట్టి వీధిలో వాళ్ళందరికీ చెబుతున్నాను: నా మిషను ఏ పాఠాన్నీ చెడగొట్టలేదు. ఒక్కదాన్ని నేను చెడగొట్టాను.

ఆ మాట ఫోనులో చెప్పడం ఇష్టం లేక శారదను తీసుకుని బస్సులో పెనుకొండ పోయాను. వరలక్ష్మి ఇల్లు రోడ్డు మీదే ఉంటుంది. ఆమె అరుగు మీద కూర్చుని ఉంది. పది పాఠాలూ అందాయంది. పదకొండోది చెడిపోయిందని, చెడగొట్టింది నేనేనని చెప్పాను.

"శారదక్క నిన్ననే పంపిండాది అవ్వా, చెడిపోయిందనే చెప్పి. రెండుసార్లు విన్నా. పాఠం వచ్చేసింది. నీ వెంట్రుకల సంగతి కూడా వచ్చేసింది. పరీక్షలో అదడిగితే ముందు రాసేస్తా."

శారద నవ్వింది. అయ్యవారు పోయాక ఆమె నవ్వడం నేను చూడటం అప్పుడే.

వరలక్ష్మి చదువుకునే సమయమైందని ఫోను ఒళ్ళో పెట్టుకుని పాఠం పెట్టింది. అయ్యవారు ఒక మాట అంటే, ఆయన వెనకాలే ఆమె పెదవులు ఆ మాట అంటున్నాయి. బస్సు ఒకటి హారను కొడుతూ వచ్చింది. ఆమె తల తిప్పకుండా వేలితో ఆయనను ఆపింది. బస్సు దాటింది. దుమ్ము కూడా దిగింది. అప్పుడు వేలు తాకించి, మళ్ళీ మాట్లాడమంది.

చెప్పింది చెప్పినట్టు రాసిందని చదివించుకుని విన్నాక వేసిన నా ఎడమచేతి బొటనవేలి ముద్ర:
దస్తగిరమ్మ

రాసింది: శారద, ధర్మవరం
సాక్షులు: నా కొడుకు మాబాషా, హిందూపురం, వరలక్ష్మి, పెనుకొండ