పులుపు లేని పచ్చడి

హౌరా మునిసిపల్ క్వార్టర్లలో మా పక్కింటి పిన్ని పొద్దున లేస్తూనే పెరట్లోని మామిడి మొదట్లో చెయ్యి పెట్టి మట్టి తడి చూసేది. అది మంచాన పడ్డ బాబాయి నాటిన చెట్టు. ఆ ఏడే తొలిసారి పూసింది.

"దీని కాయ తినే పోతాను," అనేవాడాయన.

మాఘంలోనే ఎండలు ముదిరి పూత సగం మాడిపోయింది. నిలిచిన పిందెలను, చైత్రం రాకముందే విరుచుకుపడ్డ కాలబైశాఖీ గాలివాన వడగళ్ళతో రాల్చేసింది. పిన్ని తడుస్తూనే వాటిని కొంగులోకి ఏరుకొచ్చి, పచ్చడి నూరి, ఆయన నాలుకకు రాసింది.

"ఏటే, పులుపే నేదు?" అన్నాడు బాబాయి.

"పిందెలు కదా, ఇంకా పులుపెక్కనేదు," అంది పిన్ని.

నేనూ వేలితో తీసుకుని నోట్లో పెట్టుకున్నాను. పులుపుకి పళ్ళు జివ్వుమన్నాయి. చెప్పొద్దన్నట్టు పిన్ని నావైపు చూసింది.