వైజాగులో నా గుంట

నాకు వైజాగులో స్థలం ఉందన్న సంగతి హైదరాబాదు వాళ్ళు చెబితే గానీ నాకు తెలీలేదు! నవ్వకండి. ఆ స్థలం వల్ల మా అమ్మాయి చదువు ఏమైందో విన్నాక కూడా నవ్వు వస్తే అప్పుడు నవ్వండి, నేనూ కలుస్తాను.

నా పేరు దానియేలు. నరసన్నపేటలో మోటారు వైండింగ్ షాపు. రైతుల నీటి మోటార్లు కాలిపోతే లోపలి తీగంతా పీకి కొత్త రాగితీగ చుట్టి ఇస్తాను. మోటారు కాలితే రైతు ఏడుస్తాడు, కాలకపోతే నేను ఏడుస్తాను. అలాంటి బతుకు. ఇది నేను చెబుతుంటే మా పెద్దమ్మాయి ఎస్తేరు టైపు చేసింది. కాబట్టి ఇందులో 'చ'లన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. నా నోట్లో అవి 'స'లు అయిపోతాయి. అసలు గొడవంతా అక్కడే.

ఎస్తేరు వైజాగులో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంజినీరింగు, ఎలక్ట్రికల్ బ్రాంచి. "నువ్వు సుట్టిన తీగలో కరెంటు ఎందుకు తిరుగుతాదో నేను సదువుకుంటాను నాన్నా" అని చేరింది. ర్యాంకు కొంచెం వెనకపడి కౌన్సెలింగులో సీటు రాలేదు. ఆఖరున స్పాట్ అడ్మిషన్‌లో దొరికింది. అలా చేరినవాళ్ళకి గవర్నమెంటు ఫీజు రాదట. మొదటి ఏడు ఫీజు మా ఆవిడ సువార్త మెళ్ళో గొలుసు కట్టింది. రెండో ఏడుకి కట్టడానికి మెళ్ళో ఏమీ లేదు. బ్యాంకుకి వెళ్తే, షాపు అద్దెది, ఇల్లు అద్దెది, ఇంకేముంది అన్నారు. కాలేజీవాళ్ళేమో ఫీజు కట్టకపోతే సెమిస్టర్ పరీక్షకి హాల్ టికెట్ ఇవ్వమన్నారు.

అప్పుడు ఎస్తేరే నెట్‌లో వెతికి ఒక ట్రస్టుని పట్టుకుంది. హైదరాబాదులో ఉంటుంది. పేదింటి ఆడపిల్లలకి ఇంజినీరింగు ఫీజు, హాస్టలు, మొత్తం డిగ్రీ అయ్యేదాకా ఇస్తారు. షరతు ఒక్కటే, ఇంటివాళ్ళకి స్థిరాస్తి ఉండకూడదు. ఓలమ్మా! లేకపోవడమే అర్హత అయితే నరసన్నపేటలో నాకన్నా అర్హుడెవడు? ఇన్‌కమ్ సర్టిఫికెట్ తెచ్చాను, మార్కుల లిస్టులు పంపాం. మీ నాన్నతో ఫోన్లో మాట్లాడతాం, అంతే, అన్నారు.

ఫోను వచ్చింది. నేను ఒక మోటారుకి వార్నిష్ పోసి ఆరబెడుతున్నాను. చేతులకి జిగురు. స్పీకర్ పెట్టాను. అవతల ఒకావిడ, ఎంత మర్యాదగా మాట్లాడిందో!

"నమస్కారమండీ, దానియేలు గారేనా? మీకు ఆస్తి ఏమైనా ఉందాండీ?"

"ఆస్తేటమ్మా! నాకున్న ఆస్తల్లా నా గుంటలే."

మీలో ఉత్తరాంధ్ర కానివాళ్ళు ఎవరైనా ఉంటే చెబుతున్నాను, మాకు గుంట అంటే ఆడపిల్ల. నా గుంటలంటే నా కూతుళ్ళు. పెద్దది ఎస్తేరు, చిన్నది రూతు, పదో తరగతి. అందులో తప్పేముంది?

"ఎన్ని గుంటలండీ?" అందావిడ.

ఎన్ని ఏమిటి, ఎంతమంది అనాలి కదా అనిపించింది. హైదరాబాదులో పిల్లల్ని అలాగే లెక్కపెడతారేమో అనుకున్నాను.

"రెండమ్మా."

"ఎక్కడున్నాయండీ?"

"ఒకటి వైజాగులో ఉన్నాది, మధురవాడ దాటాక, హైవే పక్కన. ఇంకోటి ఇక్కడే నా కాడున్నాది."

"రెండూ మీ పేరు మీదేనా?"

కాస్త కోపం వచ్చింది. ఆడపిల్లల తండ్రిని అడిగే మాటేనా అది? అయినా డబ్బులిచ్చే మనిషి కదా, ఓర్చుకున్నాను. "మరింకెవరి పేరుమీద ఉంటాయమ్మా? ఇంటిపేరు కూడా నాదే!"

"వైజాగులో దాని మీద ఆదాయం ఏమైనా వస్తుందా?"

"ఇప్పుడేటొస్తాదమ్మా! ఇప్పుడంతా మనమే పెట్టాల. నాలుగేళ్ళాగితే అప్పుడదే మనకి పెడతాది."

"ఓ, డెవలప్‌మెంట్‌కి ఇచ్చారా?"

"అదే మరి! డెవలప్‌మెంట్ కోసమే కదా అక్కడ పెట్టినాను!"

"థాంక్యూ అండీ" అని పెట్టేసింది. ఎంత సంతోషించానంటే, ఇంగ్లీషు ముక్క కూడా వాడి ఆవిణ్ణి మెప్పించేశాననుకున్నాను. సువార్తకి చెబితే తను కూడా కళ్ళు తుడుచుకుంది. మా ఆవిడ అంత తొందరగా ఏదీ నమ్మదు. ఆ రోజు నమ్మింది.

అక్కడితో ఊరుకున్నానా? ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్ళు ఉన్నారా అని పాస్టరుగారు అడగ్గానే లేచాను. డబ్బు రాలేదు, కాగితం రాలేదు, ఒక ఫోను వచ్చిందంతే. "దేవుడు నా బిడ్డకి డిగ్రీ అంతా ఫీజు ఇచ్చీసినాడు" అని మైకులో చెప్పేశాను. అందరూ చప్పట్లు. బయటికొచ్చాక ఒకాయన, "మా అబ్బాయికి కూడా ఆ నంబరివ్వు దానియేలూ" అన్నాడు. ఇచ్చాను కూడా.

గురువారం ఎస్తేరు ఫోను చేసింది. గొంతు చాలా మెల్లగా ఉంది.

"నాన్నా, వైజాగులో మనకి స్థలం ఉన్నాదా?"

"ఏ స్థలమే?"

"ట్రస్టువాళ్ళు మెయిల్ పెట్టినారు. తండ్రి పేరున రెండు గుంటల భూమి ఉన్నాదంట. ఒకటి మధురవాడ అవతల, డెవలప్‌మెంట్‌లో ఉన్నాదంట. అంచేత మనకివ్వరంట." మళ్ళీ తనే అడిగింది. "నిజంగా ఉన్నాదా నాన్నా? నాకు సెప్పకుండా కొన్నావా?"

ఆ ప్రశ్నలో ఆశ ఉంది. అదే నాకు బాధ. ఉంటే బాగుండునని ఒక్క నిమిషం నేను కూడా అనుకున్నాను.

పక్కనే ఉన్న సువార్త మాత్రం వేరేగా విన్నది. "ఇరవై ఏళ్ళు నీతో కాపురం సేసినాను. నా గొలుసు అమ్మించి, నువ్వు వైజాగులో స్థలం కొన్నావేటయ్యా? ఎవరికోసం కొన్నావు?" రెండు రోజులు నాకు కంచం పెట్టింది గానీ మాట పెట్టలేదు.

ఈ చిక్కు విప్పింది ఎస్తేరు రూమ్‌మేటు. ఆ అమ్మాయిది కరీంనగర్. వాళ్ళ తెలంగాణలో గుంట అంటే నూట ఇరవై ఒక్క గజాల నేల! మేమేమో సెంట్లు, ఎకరాలు అంటాం. ఆ సంగతి తెలిశాక నేను ట్రస్టు ఆవిడతో మాట్లాడిందంతా ఒక్కో మాటా గుర్తుకు తెచ్చుకున్నాను. హైవే పక్కన గుంట. నా పేరు మీదే. నాలుగేళ్ళాగితే అదే పెడుతుంది. ఛీ, నేనే ఆ కుర్చీలో ఉంటే నాకు నేను పైసా ఇవ్వను!

ఎస్తేరు గట్టిది. అంతా వివరంగా రాసి, ఇది మా యాస, పొరపాటు జరిగింది, దయచేసి మళ్ళీ మాట్లాడండి అని మెయిల్ పెట్టింది. పది రోజుల తర్వాత ఇంకొక్కసారి ఫోను చేస్తామని జవాబు వచ్చింది. ఇంకొక్కసారే.

ఆ పది రోజులూ నాకు ట్యూషన్. పొద్దున్నే హాస్టల్ నుంచి ఫోను చేసేది.

"అను నాన్నా. చదువుతోంది."

"సదువుతోంది."

"చ. చ. చెయ్యి, చెప్పు, చాలు."

"సాలు తల్లీ, ఇంక నా వల్ల కాదు."

"గుంట అన్న మాట నీ నోట రాకూడదు. కుమార్తె అనాల. ఏటి అనకూడదు, ఏమిటండీ అనాల. ఏం జరిగినా సరే మన మాటలోకి రావద్దు నాన్నా. ఇది పోతే నాకు పరీక్ష పోతాది."

మొత్తం ఒక కాగితం మీద రాయించి వైండింగ్ బల్ల ఎదురుగా గోడకి అంటించాను. చుట్లు లెక్కపెట్టుకుంటూ 'చ'లు పలికేవాణ్ణి. ఒకసారి ఈ గొడవలో చుట్లు తప్పి మోటారు మళ్ళీ మొదట్నించి చుట్టాల్సొచ్చింది. రూతు అయితే పాఠం అప్పజెప్పించుకున్నట్టు బెత్తం పట్టుకుని ఎదురుగా కూర్చునేది. తొమ్మిదో రోజుకి రేడియోలో వార్తలు చదివేవాడిలా తయారయ్యాను. సువార్త నా వైపు వింతగా చూసి, "ఎవరింటికి వచ్చినావు బాబూ?" అంది.

ఫోను వచ్చింది. అదే ఆవిడ.

"నమస్కారమండీ," అన్నాను. "నాకు ఇద్దరు కుమార్తెలు. పెద్ద కుమార్తె విశాఖపట్నంలో ఇంజినీరింగు చదువుతోంది. చిన్న కుమార్తె పదవ తరగతి చదువుతోంది. నాకు ఎటువంటి స్థిరాస్తులూ లేవు."

"మాట్లాడుతున్నది ఎవరండీ?"

"దానియేలునండీ."

"మొన్న మాట్లాడింది మీరేనా? రికార్డింగ్ నా ముందే ఉంది. ఆయన ఇలా మాట్లాడలేదే."

"నేనేనండీ. చెప్పుచున్నాను కదా."

ఆ 'చెప్పుచున్నాను' ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలీదు. కాగితం మీద లేదు. భయంలో బైబిలు భాష వచ్చేసింది!

"మీరు చూసి చదువుతున్నట్టున్నారు," అందావిడ. పాపం మంచిది, కోప్పడలేదు. "ఒక పని చెయ్యండి. నిజంగా మీరే అయితే మొన్నట్లాగే ఒక నాలుగు మాటలు మాట్లాడండి. నేను రాసుకుంటాను."

ఎంత సులువైన పని! పుట్టినప్పట్నించీ మాట్లాడుతున్న మాట. నోరు తెరిచాను. రాలేదు. ఎదురుగా గోడ మీద కాగితం, చెవిలో "మన మాటలోకి రావద్దు నాన్నా" అన్న ఎస్తేరు గొంతు. ఆఖరికి బలవంతంగా, "ఏటమ్మా, ఎలగున్నారేటి, బాగున్నారేటి, నాను దానియేల్నేటి..." అన్నాను. ప్రతిమాటకీ ఒక ఏటి! టీవీలో మా వాళ్ళని వెక్కిరించే కమెడియన్లు అచ్చం అలాగే మాట్లాడతారు. నా గొంతు నాకే దొంగగొంతులా వినబడింది.

"సరేనండీ," అంది ఆవిడ.

రెండు రోజులకి మెయిల్. తండ్రి స్థానంలో వేరే వ్యక్తి మాట్లాడినట్టు అనుమానం ఉన్నందువల్ల దరఖాస్తు తిరస్కరించడమైనది. కావాలంటే వచ్చే విద్యా సంవత్సరం మళ్ళీ పెట్టుకోవచ్చు. అంటే, మొదటిసారి లేని భూమి నా పేరున పడింది. రెండోసారి ఉన్న కూతురు నా పేరు మీంచి పోయింది.

ఎస్తేరు ఆ మెయిల్ ఫోన్లో చదివి వినిపించి పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. కాసేపటికి, "పర్లేదు నాన్నా, తప్పు నాది, నిన్ను మార్చాలనుకున్నాను" అంది. ఆ మాటకి నేను షాపు షట్టరు సగం దించుకుని ఏడ్చాను. దాని తప్పేముంది? రెండుసార్లూ నోరు నాదే కదా.

హాల్ టికెట్ రాలేదు. పెట్టె, బకెట్టు, పరుపు సర్దుకుని ఎస్తేరు ఇంటికి వచ్చేసింది. ఈ ఏడు ఆగి వచ్చే ఏడు మళ్ళీ అదే సెమిస్టర్ చదవాలి, అదీ డబ్బు దొరికితే. చర్చిలో నంబరు తీసుకున్నాయన వాళ్ళబ్బాయికి మాత్రం ఆ ట్రస్టులో సాయం దొరకలేదు, అక్కడ ఆడపిల్లలకే ఇస్తారు. అందుకు ఆయనకి నా మీద కోపం. పాస్టరుగారేమో సాక్ష్యం సంగతి అడగకుండా నా భుజం తట్టి వెళ్ళిపోతున్నారు. అడిగితేనే బాగుండును అనిపిస్తోంది.

ఇంట్లో కూర్చోలేనని ఇప్పుడు ఎస్తేరు షాపుకి వస్తోంది. నాకన్నా శుభ్రంగా చుడుతుంది, చుట్లు తప్పదు. చూస్తే గర్వంగానే ఉంటుంది. ఆ వెంటనే ఈ సమయానికి ఇది పరీక్ష హాల్లో ఉండాల్సింది కదా అని గుర్తొస్తుంది.

మొన్న ఒక ముసలి రైతు కాలిపోయిన నీటి మోటారుని సైకిలుకి కట్టించుకుని తెచ్చాడు. దించుతూనే ఎస్తేరుని చూశాడు.

"ఏటి దానియేలూ, నీ పెద్ద కూతురు ఇక్కడున్నాది? సదువు అయిపోనాదేటి?"

అవునని చెప్పడమా, జరిగిందంతా చెప్పడమా? సిగ్గేసింది. "అయిపోనాది బాబూ" అనేశాను.

ఎస్తేరు తీగ చుట్టడం ఆపి తలెత్తింది. "అయిపోవడం కాదు తాతా. ఆగిపోనాది. మళ్ళీ ఎల్తాను."

ముసలాయన నా వైపు చూశాడు. నేను ఆయన మోటారు వైపు చూశాను.

ఆ రోజు నుంచి షాపులో పనులు పంచేసుకున్నాం. మోటార్లు విప్పేది నేను. నోరు విప్పేది అది.