తల చూసే సత్తెమ్మక్క

నిన్న మధ్యాహ్నం నారాయణగూడ చౌరస్తాలో బస్సు కోసం నిలబడి ఉంటే, పక్కనున్న ఆవిడ తల నుంచి అప్పుడే వేసుకున్న రంగు వాసన ఘాటుగా వచ్చింది. ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు సత్తెమ్మక్క గుర్తొస్తుంది. చిక్కడపల్లిలో ఒక గల్లీలో, రెండు కుర్చీలు మాత్రమే పట్టే గదిలో ఆమె ఆడవాళ్ల పార్లర్ నడిపేది. పాలమూరు వైపు నుంచి తల్లిదండ్రులతో కూలి పనికి వచ్చి, బాగ్ లింగంపల్లి బస్తీలో పెరిగి, ఇంకొకరి పార్లర్‌లో చూస్తూ చూస్తూ పని నేర్చుకున్న మనిషి. నేను ఆమె దగ్గర పదిహేడేళ్లు పనిచేశాను.

చేరేనాటికి నాకు ముప్ఫై ఆరేళ్లు. మా ఆయన పనిచేసే ప్రింటింగ్ ప్రెస్ మూతపడింది. ఏ పని వస్తుందని అక్క అడిగితే, "జడలేస్త అక్కా. మా బిడ్డకు రోజూ నేనే వేస్త" అన్నాను. "పిల్లల ఎంట్రుకలు వేరు, యాభై దాటినోళ్లవి వేరు. మన దగ్గరికొచ్చేటోళ్లంత పెద్దోళ్లే" అని నన్నే కుర్చీలో కూర్చోబెట్టి తల కడిగింది. గోరువెచ్చని నీళ్లు, వేళ్ల కొసల మెత్తదనం తప్ప ఇంకేమీ తెలియలేదు. "గోర్లు తాకినయా?" అంది. లేదన్నాను. "గట్లనే చెయ్యాలె" అంది. మొదటి రోజు పాఠం అంతే.

తర్వాత్తర్వాత తెలిసింది. వయసు పెరిగేకొద్దీ మాడులో జిడ్డు తగ్గుతుంది, చర్మం పొడిబారుతుంది, దురద పెడుతుంది. అలాంటి తలకు రోజూ షాంపూ పెడితే ఇంకా ఎండిపోతుంది. తడి జుట్టు తెగుతుంది కాబట్టి ఆరాకే దువ్వాలి, అదీ కొసల నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. ఏళ్ల తరబడి కొప్పు బిగించి కట్టుకుంటే నుదుటి దగ్గర జుట్టు వెనక్కి జరుగుతుంది. ఏ నూనె పెడితే జుట్టు మళ్లీ వస్తుందని అడిగినవాళ్లకు అక్క ఒకటే చెప్పేది. "నూనె పెడితే మెత్తగుంటయి. పోయినయి మొలుస్తయని నేను చెప్ప." ఆ మాటకు చిన్నబుచ్చుకుని వెళ్లినవాళ్లలో కొందరు నెలలోపే తిరిగి వచ్చేవారు.

రెండో ఏడాది నా చేతుల మీదుగా ఒక పొరపాటు జరిగింది. అశోక్ నగర్ నుంచి విశాలాక్షి గారని రిటైరైన తెలుగు టీచరు వచ్చేవారు. పాత విద్యార్థులు ఆమెకు సన్మానం పెట్టుకున్నారు. సరిగ్గా ముందురోజు శనివారం వచ్చి రంగు వేయమన్నారు. అక్క సామాను కోసం కోఠి వెళ్లింది. విశాలాక్షి గారు ఎప్పుడూ వేయించుకునే రంగు అయిపోయింది, కొత్త రకం డబ్బా ఉంది. కొత్తదైతే చెవి వెనుక కొంచెం రాసి రెండు రోజులు ఆగాలని అక్క నియమం. అదే చెప్పాను. "ఇరవై ఏళ్లుగా వేసుకుంటున్నానమ్మా, ఇప్పుడు కొత్తగా నాకేమవుతుంది?" అన్నారు ఆమె. కాదనలేక వేశాను.

ఆదివారం పొద్దున్నే వాళ్లబ్బాయి గల్లీలోకి వచ్చి నలుగురూ వినేలా కేకలు వేశాడు. విశాలాక్షి గారి కనురెప్పలు వాచి కళ్లు మూసుకుపోయాయి, నుదుటి పైన జుట్టు మొదట్లో నీటి పొక్కులు లేచాయి. ఎవరు వేశారని అతను అడిగాడు. అక్క నా వైపు చూడనైనా చూడలేదు. "తప్పు మా దుకాణంది సార్. ముందు డాక్టర్ దగ్గరికి పోదాం" అని ఆటో పిలిచి నన్నూ ఎక్కమంది. ఇన్నేళ్లు పడిన రంగు ఒక్కరోజులో పడకుండా పోవచ్చని, ఇక జన్మలో రంగు ముట్టవద్దని డాక్టర్ చెప్పారు. సన్మానం ఆగిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నేను ఏడుస్తూనే ఉన్నాను. అక్క నా వైపు తిరిగి, "వెయ్యొద్దని నీకు ఎరుకేనా?" అంది. ఎరుకేనన్నాను. "మరి ఆమె కోపానికి భయపడ్డవా?" తల ఊపాను. "అయితే రేపు పొద్దుగాల వాళ్లింటికి పో. నేను రాను" అంది.

వెళ్లాను. విశాలాక్షి గారు తలకు మెత్తని నూలు బట్ట చుట్టుకుని తలుపు తీశారు. నేను చేతులు జోడించబోతే, "తొందరపెట్టింది నేనే కదమ్మా, లోపలికి రా" అన్నారు. పుండ్లు మానాక ప్రతి ఆదివారం వెళ్లి ఆమె తల కడిగేదాన్ని. మూడు నెలలకు కుదుళ్ల దగ్గర తెల్లజుట్టు రెండు వేళ్ల మేర పెరిగింది. రంగు ఉన్న మేరకు కత్తిరించమని ఆమే అడిగారు. కత్తిరించాక అద్దంలో చాలాసేపు చూసుకున్నారు. "ఈవిడెవరో నాకు పరిచయం లేదు. నెమ్మదిగా అలవాటు చేసుకుంటాను" అన్నారు. ఆ నెలలోనే విద్యార్థులు ఇంటికే వచ్చి శాలువా కప్పి వెళ్లారు. ఆ ఫోటోలో ఆమె తల పూర్తిగా తెల్లగా ఉంటుంది.

ఇంకో ఆరేళ్లు గడిచాయి. అందరి తలలూ చూసే అక్క తన తలను మాత్రం ఎవరికీ చూపించేది కాదు. పాపిడి వెడల్పై పోతోందని కొంగు కప్పుకుని తిరిగేది. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు, "కూసో అక్కా, ఇయ్యాల నేను చూస్త" అన్నాను. వద్దు వద్దంటూనే కూర్చుంది. నడినెత్తి కింద, వెనుక వైపు, వేలి గోరంత పుండు ఉంది. అంచులు గట్టిగా, మెరుస్తూ ఉన్నాయి.

"ఇదెన్నడైంది?"

"దువ్వెన తాకిందే. దసరా ముందట."

"శివరాత్రి దాటింది అక్కా."

ఆమె కొంగు తల మీదికి లాక్కుంది. "గిదే ఇంకొకరి తల మీదుంటే ఏమంటవు?" అని అడిగాను. అప్పుడు లేచి, కొంగు సర్దుకుని, చెప్పులు వేసుకుంది. డాక్టర్ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. చర్మపు క్యాన్సర్, ఇంకా లోపలికి దిగలేదు, అందుకే కోసి తీసేస్తే చాలన్నారు. నెల రోజులకు అక్క పనిలోకి వచ్చింది. ఆ చోట మళ్లీ వెంట్రుక రాలేదు. వచ్చిన ప్రతి మనిషికీ కొంగు తీసి ఆ మచ్చ చూపించి, "మానని పుండుంటే దాచుకోకుండ్రి. నేను దాచుకున్న" అని చెప్పేది. తన తప్పు తానే చెప్పుకునే ఆ ధైర్యం ఆమెలో అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

నాలుగేళ్ల క్రితం గుండెపోటుతో పోయింది. ఇప్పుడు నేను అశోక్ నగర్‌లో ఇంటి కింది గదిలో ఒక్క కుర్చీ వేసుకుని పని చేసుకుంటున్నాను. దువ్వెన పట్టే ముందు వచ్చినవాళ్లను అడిగి, పాపిడి తర్వాత పాపిడి విడదీసి తల అంతా చూస్తాను. తెలిసింది చెప్తాను, తెలియకపోతే తెలియదని చెప్పి డాక్టర్ దగ్గరికి పంపిస్తాను. నాకూ యాభై ఏడొచ్చాయి. నెలకోసారి మా అమ్మాయి ముందు కింద కూర్చుని జుట్టు విప్పుతాను. "పోయిన నెలే చూసిన కదమ్మా, ఏముంటది?" అని విసుక్కుంటుంది.

"ఏం లేదని చెప్పనీకే చూడు" అంటాను. అది గొణుగుతూనే లైటు వేసి వస్తుంది.