సాలమ్మ నీలి సీసా

మా కట్టంగూరు చర్చి సంఘంలో కోత పండుగనాడు అందరికంటే పెద్దామె మొదటి పంట గంపను మందిరంలో బల్ల మీద పెట్టాలి. సాలమ్మ, ఎస్తేరమ్మ ఇద్దరూ ఏటా "నేనే పెద్ద" అని పోట్లాడతారు. ఇద్దరికీ పుట్టిన తేదీ తెలియదు. ఎస్తేరమ్మ మాత్రం నిజాం పాలన పోయాక పుట్టిందని ఊరంతటికీ తెలుసు.

ఈ రోజు సాలమ్మ కొంగు చాటు నుంచి ఒక నీలి మందుసీసా తీసింది. తను పుట్టిననాడు తల్లి కోసం నాయిన దవాఖాన నుంచి తెచ్చిన సీసా అట. పాత సీసాలు సేకరించే మా రాజన్న దాన్ని కిటికీ దగ్గర ఎత్తి పట్టాడు. గాజులో ఉబ్బెత్తుగా పోసిన అక్షరాల మీదుగా ఎండ పాకి, మందిరం గోడంతా చెరువు అడుగులా నీలంగా మారింది.

"అవ్వా, గివి ఉర్దూ అక్షరాలు. నిజాం పోయినంక గీ కంపెనీ సీసాల మీద తెలుగే పోసిండ్రు. గిది అంతకు ముందుదే," అన్నాడు రాజన్న.

ఎస్తేరమ్మ మూతి తిప్పింది. "గట్లయితే నువ్వే ముసలిదానివి. పో, గంప పెట్టు, అక్కా!"

ఆమె నోట 'అక్కా' అని వినడం అదే మొదలు. సాలమ్మ కళ్లు తుడుచుకుంది. "నువ్వే పెట్టు చెల్లె, నేను పక్కన నిలవడ్త."

ముందున్నవాళ్లు వెనక్కి జరగాలని పాస్టరుగా నేను ఎన్ని ఆదివారాలు గొంతు చించుకున్నానో! సాలమ్మ ఒక్కమాటతో చేసి చూపింది. మీ సంఘంలో మొదటి గంప ఎవరిది?